రెండు జతల స్టాకింగ్స్, ఒక టేపు: పిక్కలో రక్తం గడ్డకట్టిన దర్జీ కొలతలు

మొదటి జతలో ఒకదాన్ని, జాకెట్లు కత్తిరించే కత్తెరతోనే నిలువునా కోశాను. కోపంతో కాదు. సరే, కొంచెం కోపం కూడా ఉంది. ఎనిమిది వందల యాభై రూపాయలు పోసి కొన్న మేజోడు మోకాలి కింద ఎర్రగా గాడి పడేలా బిగుస్తూ, బిగుసుకోవలసిన చీలమండ దగ్గర మాత్రం ముడతలు పడుతోంది. అలా ఎందుకు చేస్తోందో లోపల చూడాలనిపించింది. చూశాక తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను. కాలి లోపలి సిరలో గడ్డ కట్టి, డాక్టరు స్టాకింగ్స్, అంటే కాలిని ఒత్తి పట్టే బిగుతు మేజోళ్ళు, రాసిన చీటీతో మందుల వీధిలో తిరుగుతున్న వారికి పనికొస్తుందని.

నేను రాజమండ్రిలో లేడీస్ టైలర్ని. తాడితోట బట్టల మార్కెట్టుకు నడిచి వెళ్ళేంత దూరంలో కొట్టు. వయసు యాభై నాలుగు, షుగరు ఉంది, ఇరవై తొమ్మిదేళ్ళుగా మెడలో టేపు ఉంది. వైద్యం గురించి నా మాట మీద ఆధారపడకండి. బట్ట గురించి, సాగుడు గురించి, కొలత గురించి మాత్రం నా మాట వినవచ్చు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి స్కూటరు మీద నుంచి పడ్డాను. ఎడమ చీలమండ పక్క ఎముక చిట్లింది. పాదం నుంచి మోకాలి కిందివరకు కట్టు వేసి, ఆరు వారాలు కాలు కింద పెట్టవద్దన్నారు. పెట్టలేదు. మంచం మీద కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టాను. కట్టు విప్పిన రోజు కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో కాలులా ఉంది. నాలుగో రోజుకు అదే కాలు కుడికాలి కంటే లావైంది. కట్టు విప్పిన చోట అడిగితే, విప్పాక వాపు మామూలే, సర్దుకుంటుందని చెప్పి పంపారు. మా పక్కింటి పెద్దావిడ చూసి "బోదకాలేమో నాయనా, రాత్రిపూట రక్తపరీక్ష చేయించుకో" అంది. మా వైపు ఒక కాలు లావైతే ముందు వచ్చే అనుమానం అదే, ఆవిడ తప్పు కాదు. మా బావమరిది పిక్క పట్టేసిందని తేల్చి, ఆవనూనె కాచి తెచ్చాడు. మర్దన చేయించుకోవడానికి నేనూ సిద్ధమే. ఆ రోజు అతని చెయ్యి నా పిక్క మీద పడకపోవడం నా అదృష్టమని తర్వాత తెలిసింది.

నన్ను ఆపింది పైజమా. నేను కుట్టుకున్నదే, రెండు కాళ్ళకూ ఒకే కొలత. ఎడమ కాలు పట్టేస్తోంది. అలవాటుగా టేపు తీశాను. మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బుడిపె ఉంటుంది కదా, అక్కడినుంచి నాలుగు అంగుళాలు దిగి చుట్టూ కొలిచాను. కుడి పదమూడు ముప్పావు, ఎడమ పదిహేనున్నర. పైగా ఎడమది వెచ్చగా ఉంది. నొక్కితే లోపల ఎక్కడో సలుపు. మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. ఫోనులో ఈ అంకెలు వినగానే దాని గొంతు మారిపోయింది. "నాన్నా, కాలు పిసకవద్దు, ఇప్పుడే బయలుదేరు" అంది.

తర్వాత డాక్టరు గారు చెప్పారు: గడ్డ ఉందేమోనని అనుమానించడానికి వాళ్ళు వేసుకునే లెక్కలో పిక్క కొలత కూడా ఒక అంశమట. ఆ బుడిపెకు పది సెంటీమీటర్ల కింద కొలిచి, రెండో కాలికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువుంటే ఒక మార్కు. ఈమధ్య కాలికి కట్టు వేసి ఉంటే ఇంకో మార్కు. నాలుగు అంగుళాలంటే పది సెంటీమీటర్లే. నా తేడా నాలుగు సెంటీమీటర్లు దాటింది. ఎవరూ చెప్పకుండానే సరైన చోట టేపు పెట్టానని ఆయన నవ్వితే, ఆ పరిస్థితిలోనూ కాస్త గర్వపడ్డాను.

సిరల్ని తెరమీద చూపే డాప్లర్ పరీక్ష గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అది నాకు వెంటనే అర్థమైంది. జెల్లు రాసి, చేతిలోని యంత్రంతో సిరను పైనుంచి నొక్కుతారు. ఆరోగ్యంగా ఉన్న సిర నొక్కితే చదునై తెరమీద మాయమవుతుంది. గడ్డ ఉన్నది నలగదు. జాకెట్టు మెడకు పైపింగ్ కుట్టేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లోపల దారం పెట్టని పైపింగు వేలి కింద అణిగిపోతుంది, పెట్టినది అణగదు. నాకు పిక్కలోని రెండు లోపలి సిరలు అణగలేదు, మోకాలి వెనకున్న పెద్ద సిర కూడా మొదట్లో కొంచెం అణగలేదు. మోకాలి దాకా రాకుండా పిక్కలోనే చిన్నగా ఉండి, పెద్దగా బాధ లేకపోతే, కొందరికి మందు వెంటనే మొదలుపెట్టకుండా రెండు వారాలపాటు మళ్ళీ మళ్ళీ డాప్లర్ తీసి చూస్తారట. నాది పైకి పాకింది కాబట్టి ఆ ప్రశ్నే లేదన్నారు. అక్కడినుంచి ముక్క విరిగితే గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అకస్మాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, ఈ మూడింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దని మా ఆవిడకు విడిగా చెప్పారు. నాకు చెబితే నేను ఆగుతానని ఆయనకు తెలిసిపోయినట్టుంది.

అసలు వైద్యం మాత్రలే. ఇది ముందే రాయాల్సింది. స్టాకింగ్స్ మీద ఇంత పొడుగు సమీక్ష చదివి, గడ్డను అవే కరిగిస్తాయని ఎవరైనా అనుకుంటే నాకు పాపం. నాకిచ్చింది రివరాక్సబాన్. మొదటి ఇరవై ఒక్క రోజులు 15 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తర్వాత 20 మిల్లీగ్రాములు ఒక్కసారి, అదీ అన్నం తిన్నాకే. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదట. ఈ మాత్ర గడ్డను కరిగించదు. గడ్డ పెరగకుండా, కొత్తది కట్టకుండా కాపలా కాస్తుంది, ఉన్నదాన్ని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. కట్టు వేయడమనే కారణం స్పష్టంగా ఉంది కాబట్టి మూడు నెలలు చాలన్నారు. కారణం తెలియకుండా వచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు.

మా వీధిలో గుండె కవాటం మార్పించుకున్న మాస్టారు ఒకరున్నారు. ఆయనది గడ్డ కట్టకుండా కాసే మందుల్లో పాత రకం. తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి, గోంగూర, పాలకూర ఒక వారం మానేసి మరో వారం విరగబడి తినకూడదు. ఆ జాతి మందుల పుట్టుక విని మా అమ్మ వారంపాటు బెంగపెట్టుకుంది. అమెరికాలో బూజు పట్టిన గడ్డి తిని పశువులు రక్తం కారి చచ్చిపోతుంటే, విస్కాన్సిన్‌లో ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నారు. దాని తోబుట్టువైన వార్ఫరిన్‌ను ముందు ఎలుకల మందుగా అమ్మి, 1950ల్లో మనుషులకు వాడటం మొదలుపెట్టారు. నా మాత్రకు ఆ బంధుత్వం లేదు, కూరల నియమమూ లేదు, నెలనెలా సూది పోటూ లేదు. కానీ దర్జీకి సూది పోటు ఎక్కడైనా తప్పదు కదా. మామూలుగా వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని పని సాగించేవాణ్ణి. ఈ మూడు నెలలూ గుడ్డ పెట్టి పది నిమిషాలు నొక్కి కూర్చోవాల్సి వచ్చింది. ఒక పెళ్ళి జాకెట్టు మీద చుక్క పడింది, క్రీము రంగు పట్టు. ఆ గుడ్డ డబ్బులు నేనే కట్టాను. మందుల షాపులో మోకాలి నొప్పికని తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి వీటితో కలిపి వేసుకుంటే రక్తస్రావం పెరుగుతుంది, ఆ పొరపాటు చేయబోయి మా అమ్మాయి చేత తిట్లు తిన్నాను.

ఇక మేజోళ్ళ సంగతి.

పది పన్నెండు రోజులకు సలుపు తగ్గింది కానీ, సాయంత్రానికి కాలు బరువెక్కి లాగుతోంది. మోకాలి కిందివరకు వచ్చేవి, 20–30 ఒత్తిడి అని రాసిచ్చారు. బీపీ కొలిచే పాదరసం మిల్లీమీటర్లే ఇవీ. రాసే ముందు పాదం మీద నాడి పట్టి చూసి, చీలమండ దగ్గర కూడా బీపీ పట్టీ కట్టి కొలిచారు. షుగరు ఉన్నవాళ్ళకు కాలి ధమనులు సన్నబడి ఉంటే, పైనుంచి బిగించడం మరింత ప్రమాదమట. ఈ పరీక్ష జరగకుండా సొంతంగా కొనుక్కోవద్దు, ముఖ్యంగా సిగరెట్లు కాల్చేవాళ్ళూ, షుగరువాళ్ళూ.

చీటీ పట్టుకుని ఆసుపత్రుల వీధిలో ఒక షాపుకు వెళ్ళాను. పేరెందుకులెండి. కౌంటరులో కుర్రాడు "చెప్పుల సైజెంత బాబాయ్ గారూ?" అన్నాడు. తొమ్మిది అన్నాను. "అయితే ఎల్ ఇస్తాను, సరిపోతుంది" అని పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పిక్కకు వేసేదానికి చెప్పుల సైజు ఎందుకని అడిగాను. అందరికీ అలాగే ఇస్తాం అన్నాడు. నా కొట్టుకు వచ్చిన ఆడపిల్లను చెప్పుల సైజు అడిగి జాకెట్టు కుట్టిస్తే వాళ్ళమ్మ నన్ను బతకనిస్తుందా? అయినా కొన్నాను. కాలు లాగుతోంది, వీధి చివరిదాకా నడిచే ఓపిక లేదు.

వారం వేసుకున్నాను. మొదటి రోజు సాయంత్రానికే పై అంచు చర్మంలోకి దిగబడింది. నిలవక జారుతోందని ఒక మడత మడిచాను. ఇదే అందరూ చేసే తప్పు. మడిస్తే అక్కడ గుడ్డ రెండు పొరలవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, రక్తం పైకి పోవాల్సిన దారిలో తాడు కట్టినట్టే. పాదం మాత్రం ఉదయం ఎలా ఉందో రాత్రికి అంతకంటే ఎక్కువ ఉబ్బింది. ఏడో రోజు రాత్రి కత్తెర తీశాను.

కోసే ముందు కొలిచాను. వేసుకోకుండా బల్ల మీద పరిచినప్పుడు చీలమండ దగ్గర చుట్టుకొలత ఏడున్నర అంగుళాలు, పిక్క దగ్గర ఎనిమిది. అంటే ఇంచుమించు తిన్నటి గొట్టం, దిండు గలేబులా. నా చీలమండ పైభాగం ఎనిమిది ముప్పావు, పిక్క పద్నాలుగున్నర. చీలమండ దగ్గర గుడ్డ అంగుళంపావు సాగితే సరిపోతుంది. పిక్క దగ్గర ఆరున్నర అంగుళాలు సాగాలి. సాగిన గుడ్డే కదా పట్టేది. కాబట్టి ఇది పైన గట్టిగా, కింద వదులుగా పడుతుంది. డాక్టరు చీటీలో ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు: చీలమండ దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కోసి అల్లిక చూశాను. కింది నుంచి పైదాకా ఒకటే అల్లిక, ఒకటే సాగుడు దారం. రెండు చోట్ల అంగుళం వెడల్పు పట్టీలు తీసి, వాటికి నా కత్తెర వేలాడదీసి చూస్తే రెండూ ఒకేలా సాగాయి. పెట్టె మీద మాత్రం "గ్రాడ్యుయేటెడ్", అంటే పైకి పోయేకొద్దీ పట్టు తగ్గేది, అని బంగారు అక్షరాలు. ఐదుకు ఒక నక్షత్రం. అది కూడా మడమ కుట్టు నీటుగా ఉన్నందుకు.

రెండో జత దగ్గరికి నన్ను పంపింది డాక్టరు గారి దగ్గర నర్సమ్మ. నా పిక్క మీది గాడి చూసి నాలుక కరుచుకుని, ఇంకో చోట పేరు చెప్పింది. అక్కడున్న ఆవిడ నేను వెళ్ళినది సాయంత్రం నాలుగింటికి అని చూసి, కొలత తీయనన్నారు. "వాపు ఎక్కిన కాలికి కొలిస్తే పొద్దున వదులవుతుంది. రేపు నిద్ర లేచి నేరుగా రండి" అని పంపేశారు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపిన కొట్టు మీద నాకు వెంటనే నమ్మకం కుదిరింది. మర్నాడు ఎనిమిదింటికి తలుపు తీయకముందే నేను మెట్ల మీద ఉన్నాను. ఆవిడ మూడు కొలతలు తీసుకున్నారు: చీలమండ ఎముకలకు పైన అన్నిటికంటే సన్నటి చోటు, పిక్క అన్నిటికంటే లావైన చోటు, నేల నుంచి మోకాలి వెనక మడత కిందికి పొడుగు. టేపు పట్టిన తీరు చూశాను. బిగించలేదు, వదలలేదు, అడ్డంగా తిన్నగా పట్టారు. పనిమంతురాలు. పట్టిక చూసి తీసిచ్చినది ఎం సైజు.

ధర రెండువేల ఆరువందల యాభై. నోరు తెరిచాను. ఇంటికొచ్చి మళ్ళీ అదే లెక్క వేశాను. బల్ల మీద చీలమండ దగ్గర ఐదున్నర, పిక్క దగ్గర తొమ్మిదిన్నర. కాలి ఆకారంలోనే కుట్టిన గుడ్డ. చీలమండ దగ్గర మూడుంపావు సాగాలి, అంటే నూటికి అరవై వంతున. పిక్క దగ్గర ఐదు అంగుళాలు, అంటే నూటికి యాభై దాటి కొంచెం. పైగా సాగుడు సమానంగా ఉన్నా, సన్నటి గుండ్రం మీద గుడ్డ ఎక్కువ నొక్కుతుంది, లావు గుండ్రం మీద తక్కువ నొక్కుతుంది. సన్నటి చేతికి, లావు చేతికి ఒకే రబ్బరు పట్టీ వేసి చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది అనుకుంటాం కానీ, అక్కడ రబ్బరు సాగుడు కూడా మారిపోతుంది కాబట్టి మోసపోతాం. మా కుర్రాడికి ఇది వివరించడానికి నాకు అరపూట పట్టింది, ఆ అరపూటలో రెండు లంగాలు కుట్టేవాణ్ణి.

తరగతుల గొడవ ఒకటుంది. పెట్టె మీద "క్లాస్ 2" అని చూసి కొనేయకండి. బ్రిటిష్ లెక్కలో రెండో తరగతి అంటే 18 నుంచి 24, జర్మన్ లెక్కలో 23 నుంచి 32. అమెరికా వాళ్ళు తరగతి బదులు 20–30, 30–40 అని అంకెలే వేస్తారు. చొక్కా 40 సైజు ఒక కంపెనీకి ఒకలా ఉన్నట్టే. తరగతి వదిలేసి, పాదరసం అంకె అడగండి.

ఈ మేజోళ్ళను ఇప్పటి రూపానికి తెచ్చినవాళ్ళలో ఒకరు డాక్టరు కాదు. కాన్రాడ్ జోబ్స్ట్ అనే ఇంజనీరు, అమెరికాలో టొలెడో ఊళ్ళో ఉండేవాడు. ఆయనకే కాలి సిరల జబ్బు. ఈతకొలనులో నిలబడినప్పుడు కాళ్ళకు హాయిగా ఉండటం గమనించాడు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, పాదం దగ్గర ఎక్కువ, పైకి వస్తే తక్కువ. ఆ లెక్కనే గుడ్డలోకి తెచ్చి 1950లో తయారీ మొదలుపెట్టాడు. ఇది చదివిన మర్నాడు పుష్కరాల రేవుకు వెళ్ళి, తొడల లోతు నీళ్ళలో మెట్ల మీద పావుగంట నిలబడ్డాను. నిజమే, బరువు దిగింది. ఎవరైనా చూస్తే మొక్కు అనుకుంటారని చేతులు జోడించి నిలబడ్డాను. గోదావరి ఉచితమే కానీ కొట్లోకి రాదు కదా.

వేసుకోవడం పెద్ద పని. మొదటి రోజు ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి మా ఆవిడను పిలిచి ఇద్దరం కలిసి లాగితే ఆవిడ నడుం పట్టేసింది. ఇప్పుడు మూడు నిమిషాలు. మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు కిందికి వేలాడితే వాపు ఎక్కడం మొదలవుతుంది. మడమ వరకు లోపలిది బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ గూడు మడమ మీదే సరిగ్గా కూర్చున్నాక, మిగతాదాన్ని అరచేతులతో కొంచెం కొంచెం పైకి తోయాలి. పై అంచు పట్టుకుని లాగకూడదు. వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు చేతి తొడుగులు వేసుకుంటే గుడ్డ జారకుండా దొరుకుతుంది, గోళ్ళూ తగలవు. నాది వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న రకం. పాదానికి ముందు పలచటి ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీదుగా మేజోడు ఎక్కించి, చివర వేళ్ళ దగ్గరినుంచి సంచి లాగేస్తాను. చీర కొన్నప్పుడు ఇచ్చే సంచి బాగా పనిచేస్తుంది, కిరాణా సంచి చిరుగుతుంది. ఉంగరం తీసి వేసుకోండి. నేను తీయని రోజున ఒక పోగు లేచింది.

తెరిచిన వేళ్ళ రకమే తీసుకోమని నా సలహా. రాజమండ్రి ఎండల్లో మూసి ఉన్నది వేసుకుంటే వేళ్ళ సందులు నానిపోతాయి. పైగా వేళ్ళు నీలంగా మారుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా అని కళ్ళతో చూసుకోవచ్చు. షుగరు వాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. మే నెలలో మాత్రం నరకం. కరెంటు పోయిన మధ్యాహ్నాలు రెండుసార్లు విసిరికొట్టాను. దురద ఉంటుంది. నూనె, ఆయింట్‌మెంట్ రాసుకోవాలంటే రాత్రి విప్పాకే, లేకపోతే సాగుడు దారం పాడవుతుంది. జతగా అమ్మి ఒక్క కాలికే వాడమంటారేమిటని మొదట విసుక్కున్నాను. తర్వాత అదే నయమైంది, ఒకటి తొడుక్కుని ఒకటి ఉతుకుతాను. గోరువెచ్చని నీళ్ళు, తేలిక సబ్బు, పిండకూడదు, నీడలో పరచాలి. మా ఆవిడ ఒకసారి డాబా మీద ఎండలో వేసింది. దాని పట్టు అప్పటినుంచి రెండోదానికంటే తక్కువే.

ఇప్పుడు చేదు సంగతి. ఇంత డబ్బు, ఇంత తిప్పలూ పడితే, ముందుముందు ఆ కాలు ఎప్పటికీ వాచి, చర్మం నల్లబడి, చీలమండ దగ్గర పుండ్లు పడే ఇబ్బంది రాకుండా ఉంటుందా అని డాక్టరు గారిని అడిగాను. ఆయన మొహమాటపడలేదు. 1997లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో ఆ ఇబ్బంది సగానికి తగ్గినట్టు వచ్చింది, అప్పటినుంచి అందరికీ రాసేవాళ్ళు. తర్వాత కెనడా, అమెరికాల్లో ఎనిమిది వందలమందికి పైగా రోగులతో పెద్ద పరీక్ష చేశారు. సగంమందికి అసలువి, సగంమందికి చూడటానికి అచ్చం అలాగే ఉండి పట్టు లేని ఉత్తుత్తి మేజోళ్ళు ఇచ్చి, రెండేళ్ళు చూశారు. 2014లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల్లోనూ ఆ ఇబ్బంది ఇంచుమించు ఒకేలా వచ్చింది. "అందుకని అందరూ వేసుకోవాలని నేను పట్టుబట్టను మాస్టారూ. మీకు వాపు, బరువు తగ్గుతున్నాయనిపిస్తే వేసుకోండి, తగ్గకపోతే మానేయండి. మాత్ర మాత్రం మానవద్దు" అన్నారు.

అనిపించడం మీద నాకు నమ్మకం లేదు. నా కొలతల పుస్తకంలో, కస్టమర్ల పేర్ల మధ్య నాకూ ఒక పేజీ పెట్టుకున్నాను. పది రోజులు వేసుకుని, పది రోజులు వేసుకోకుండా, రోజూ రాత్రి ఎనిమిదింటికి, అదే నాలుగు అంగుళాల కింద కొలత. వేసుకోని రోజుల్లో పద్నాలుగుంపావు, ఒకటి రెండు రోజులు పద్నాలుగున్నర. వేసుకున్న రోజుల్లో పదమూడు ముప్పావు నుంచి పద్నాలుగు. చిన్నగా కనిపించే తేడానే కానీ, కుట్టులో అరంగుళం అంటే ఏమిటో నాకు తెలుసు. పది గంటలు కొట్లో కూర్చునే నాకు అది చాలు. ఇంట్లో ఉండి నడిచేవారికి చాలకపోవచ్చు. ఈ జతకు ఐదుకు నాలుగు. ఒక నక్షత్రం ధరకూ, మే నెలకూ కోసేశాను.

నడక గురించి ఒక మాట. గడ్డ అనగానే కాలు కదపకూడదని మా చుట్టాలంతా మంచానికి కట్టేయబోయారు. డాక్టరు గారు మందు మొదలుపెట్టిన మర్నాటినుంచే కర్ర పట్టుకుని నడవమన్నారు. పిక్క కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుందట. మీ వృత్తేమిటని అడిగితే చెప్పాను. "కాలితో తొక్కే మిషనేనా? అయితే ఇంకేం కావాలి" అన్నారు సంబరంగా. అప్పుడు ఒప్పుకోక తప్పలేదు, రెండేళ్ళ క్రితమే మోటారు పెట్టించాను. మడమ, మునివేళ్ళు మార్చి మార్చి తొక్కే పని ఇరవై ఏడేళ్ళు చేసి, మానేశాక ఈ జబ్బు వచ్చింది. కాలికి వేసిన కట్టే కారణమని ఆయన అంటారు, నాకు మాత్రం మోటారు మీద అనుమానం పోలేదు. ఇప్పుడు ఉదయం పూట బెల్టు మార్చి తొక్కుతున్నాను. జాకెట్లు ఆలస్యమవుతున్నాయని రెండు మూడు ఫోన్లు వచ్చాయి.

మూడు నెలలకు మళ్ళీ డాప్లర్ తీశారు. మోకాలి వెనకది నొక్కితే పూర్తిగా అణిగింది. పిక్కలో ఒక సిర గోడ కాస్త మందంగా మిగిలిందన్నారు, మచ్చలాంటిదట. మాత్ర ఆపేశారు. మేజోడు ఇంకా వేసుకుంటున్నాను.

ఆరు నెలలు దాటేసరికి దాని పని అయిపోవచ్చింది. మొన్న బల్ల మీద పరిచి కొలిస్తే చీలమండ ఐదున్నర కాస్తా ఆరుంపావు అయింది. వేసుకోవడం సులువైందని సంతోషించానే, అది నా నేర్పు కాదు, గుడ్డ వదులైపోయింది. కొత్త జత కోసం ఆ కొట్టు ఆవిడకు ఫోను చేశాను. పాత కొలతలు నా పుస్తకంలోనే ఉన్నాయి, చదువుతాను, కుర్రాణ్ణి పంపిస్తాను, ఇచ్చేయండి అన్నాను. ఆవిడ వినలేదు. పాత జాకెట్టు కొలతకు కొత్త జాకెట్టు కుడతారా మాస్టారూ అని అడిగారు. రేపు ఎనిమిదింటికి వెళ్ళాలి, టీ కూడా తాగకుండా.